తూకం వేసే చేతికి ఫోన్ ఇచ్చాక
కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



నేను సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకంలో సెక్టార్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. కోస్తాలో కాలవగట్టు ఊళ్ళు, తరవాత కొన్నాళ్ళు ఏజెన్సీ గూడేలు నా సెక్టార్లు. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఈ పథకానికి యాభై ఏళ్ళు నిండాయి. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. తెలంగాణలోనే 35,700. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేల పైచిలుకు. ఈ కేంద్రాలను నడిపే టీచరమ్మల పని గురించే ఈ ఉత్తరం.

2021 మార్చి 1న పోషణ్ ట్రాకర్ యాప్ మొదలైంది. టీచరమ్మ చేతికి ఒక పరికరం వచ్చింది, రాతకోతలు తగ్గాయి, లెక్కలు వేగంగా ఢిల్లీ చేరుతున్నాయి అని అందరూ అనుకుంటున్నారు. జరిగింది అంతమాత్రమే కాదు. పొద్దున సెంటర్ తాళం తీసిన దగ్గర్నుంచి ఏ పని ముందు, ఏది తరవాత, ఎవరికి జవాబు చెప్పుకోవాలి, దేనికి మాట పడాలి అన్నవన్నీ తిరగబడ్డాయి. యాప్‌ను శ్రద్ధగానే డిజైన్ చేశారు. దానికి ప్రభుత్వ పాలనలో ప్రతిభకిచ్చే ప్రధానమంత్రి అవార్డు కూడా వచ్చింది. కానీ ఆ యాప్ చుట్టూ ఏర్పడ్డ పనిని ఎవరూ డిజైన్ చేయలేదు. ఒక్కో స్క్రీన్ చేర్చుకుంటూ పోయారు, ఆ స్క్రీన్ల మధ్య మిగిలిన ఖాళీలో పని సర్దుకోవాల్సి వచ్చింది. యాప్‌ను తీసేయమని నేను అడగను. పనిని కూడా డిజైన్ చేయమని అడుగుతున్నాను. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

డాష్‌బోర్డు మీద బిడ్డ బరువు ఒక అంకె. సెంటర్లో అది ఎంత పనో చూడండి. దూలానికి సాల్టర్ కాటా వేలాడుతుంటుంది, దాని కొక్కేనికి గుడ్డ లాగు. ఏడాది బిడ్డను అందులోకి దించగానే కాళ్ళు తన్నుకుంటూ ఏడుపు లంకించుకుంటాడు. కాటా ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. పని తెలియని మనిషైతే ఊగుతుండగానే ఏదో ఒక అంకె చదివేస్తుంది. పని తెలిసిన టీచరమ్మ లాగును ఖాళీగా తగిలించి ముల్లును ముందే సున్నాకి తెచ్చుకుంటుంది. తల్లి చేత చొక్కా విప్పిస్తుంది, మొలకున్న వెండి గజ్జెలు తీయిస్తుంది. ఆయా పక్కన నిలబడి గిలక్కాయ ఆడిస్తుంది. బిడ్డ చూపు అటు తిరిగి ఒక్క క్షణం కుదురుకున్నప్పుడు, కళ్ళ ఎత్తుకు వచ్చేలా వంగి, ముల్లు చదువుతుంది. ఇప్పుడు చాలా చోట్ల డిజిటల్ కాటాలు వచ్చాయి. కాటా మారినా ఏడ్చే బిడ్డ మారలేదు.

ఫోన్ రాకముందు, బరువు చూశాక గ్రోత్ చార్టు తీసేది. ఆడపిల్లలకు గులాబీ రంగుది, మగపిల్లలకు నీలం రంగుది. అడుగున నెలలు, పక్కన కిలోలు. ఆకుపచ్చ పట్టీ, దాని కింద పసుపు, ఇంకా కింద నారింజ. ఈ నెల చుక్క పెట్టి, పోయిన నెల చుక్కతో గీత కలిపేది. తల్లి పక్కనే వంగి చూసేది. అక్షరం ముక్క రాని తల్లికి కూడా ఆ గీత అర్థమయ్యేది. పైకి లేవకుండా అడ్డంగా పోయిందంటే, టీచరమ్మ నోరు తెరవకముందే, "ఇదేందమ్మా, ఈ నెల గీత లేవలేదే?" అని తల్లే అడిగేది. అసలు మాటలు అక్కడ మొదలయ్యేవి. విరేచనాలయ్యాయా? పాలు మాన్పించావా? కోతలకు పోతూ బిడ్డను ఎవరి దగ్గర వదులుతున్నావు? ఆమె ఏం పెడుతోంది, ఎన్నిసార్లు పెడుతోంది? గుడ్డు బిడ్డే తింటున్నాడా, ఇంట్లో పెద్ద పిల్లలకు పంచుతున్నావా? ఈ మాటలే పోషకాహార సేవ అని నేను నమ్ముతాను. బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు ఆ మాటలకు తోడు వచ్చేవి.

ఆ చార్టు వెనక ఒక గొప్ప ఆలోచన ఉంది. డేవిడ్ మోర్లీ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు 1950లలో నైజీరియాలోని ఇమెసి అనే పల్లెలో పనిచేస్తూ, బిడ్డ ఎదుగుదల కార్డు ఆసుపత్రి బీరువాలో కాకుండా తల్లి దగ్గరే ఉండాలన్నాడు. మన దేశంలో తల్లుల చేతికిచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు (ఎంసీపీ కార్డు) ఆ ఆలోచనకు వారసురాలే. అట్ట, పెన్సిలు, మూడు రంగులు కలిసి ఒక సమాచార సాంకేతికత. బిడ్డ గురించిన సంగతి ముందు ఎవరికి తెలియాలి అన్న ప్రశ్నకు అది ఇచ్చిన జవాబు "తల్లికి". ఏ సాంకేతికతైనా ఇలాంటి ప్రశ్నకు ఏదో ఒక జవాబు లోపల పెట్టుకునే వస్తుంది. పైకి చెప్పినా చెప్పకపోయినా.

కాగితం కాలం బంగారు కాలమని నేను చెప్పబోవడం లేదు. మా టీచరమ్మలు పదకొండు రిజిస్టర్లు రాసేవారు. నెలాఖరు వచ్చిందంటే సెంటర్లో పాటలుండవు, కథలుండవు, తలలు వంచుకుని నివేదిక రాయడమే. పోయిన నెల అంకెకు ఓ వంద గ్రాములు కలిపి రాసిన రిజిస్టర్లు నేను చాలా చూశాను. అత్తవారింటికి వెళ్ళిపోయిన అమ్మాయి పేరు మీద ఇంకా సరుకు దిగుతూనే ఉండేది. మేం పంపిన నివేదికలు ప్రాజెక్టు ఆఫీసుకు, అక్కణ్ణుంచి జిల్లాకు, ఆపైన రాజధానికి పోయేవి. తిరిగి మా దాకా ఏమీ వచ్చేది కాదు.

ఫోన్ వల్ల జరిగిన మేలు కూడా చెప్పాలి. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూడాలంటే ఇదివరకు పట్టిక ముందేసుకుని అడ్డంగా, నిలువుగా వెతకాలి. అంత ఓపిక ఎవరికీ ఉండేది కాదు, వయసుకు తగ్గ బరువు చూసి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు ఎత్తు, బరువు కొడితే తీవ్ర పోషణ లోపమున్న బిడ్డ ఎవరో ఆ క్షణమే తెలుస్తుంది. ఇంకొకటి నాకు మరీ ముఖ్యం. మన దగ్గర తొలికాన్పుకు పుట్టింటికి రావడం ఆచారం. పేరు అత్తవారి ఊరి రిజిస్టరులో, మనిషి పుట్టింట్లో. సరిగ్గా ఏడో నెల నుంచి బిడ్డకు మూడో నెల దాకా, గుడ్డూ పాలూ ఎక్కువ కావలసిన రోజుల్లో, ఆమె ఏ లెక్కలోనూ ఉండేది కాదు. ఇటుక బట్టీలకు, చెరకు నరకడానికి వలసపోయే కుటుంబాల సంగతీ అంతే. యాప్‌లో పేరు ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మారే వీలు పెట్టారు. అది పెట్టినవారెవరో గానీ వారికి చేతులెత్తి నమస్కరిస్తాను.

అంటే యంత్రం మంచి పని చేయగలదు. మరి చెడింది ఎక్కడ? పని చేయడం, చేసినట్టు రుజువు పెట్టడం వేరువేరు సంగతులు. కాగితం రోజుల్లో రుజువు నెలాఖరుకు వచ్చే బాధ. ఇప్పుడు గంట గంటకూ వస్తోంది. సెంటర్ తెరిచినట్టు రుజువు. పిల్లలు వచ్చినట్టు ఫొటో. అన్నం పెట్టినట్టు ఫొటో. బరువు తూచినట్టు ఎంట్రీ. ఇంటికెళ్ళి పలకరించినట్టు ఎంట్రీ. సరుకు ఇచ్చినట్టు తల్లి ముఖం. చాలాచోట్ల కేంద్రం యాప్ ఒకటైతే రాష్ట్రం యాప్ ఇంకొకటి. అందులో కొట్టిందే ఇందులోనూ కొట్టాలి. ఎందుకైనా మంచిదని పై అధికారి పాత రిజిస్టర్లు కూడా రాయమంటాడు. పదకొండు పోతాయన్నారు. పోకపోగా పన్నెండోది జేబులో చేరింది.

తల్లి ముఖం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఇంటికిచ్చే రేషన్‌కు 2025 జులై 1 నుంచి ముఖ గుర్తింపును తప్పనిసరి చేశారు. ముందు ఆధార్‌తో ఈకేవైసీ. ఆధార్‌కు జతచేసిన నంబరుకు ఓటీపీ వెళ్తుంది. ఆ నంబరు చాలా ఇళ్ళలో మొగుడిది. అతను హైదరాబాదులోనో చెన్నైలోనో సెంట్రింగు పనిలో ఉంటాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది. ఈకేవైసీ దాటాక ప్రతినెలా పంపిణీ రోజున తల్లి ఫోన్ ముందు నిలబడి రెప్పలార్పాలి. వెలుతురు వెనకనుంచి పడకూడదని ఆమెను గుమ్మంలోంచి లోపలికి, లోపల చీకటిగా ఉందని మళ్ళీ వరండాలోకి తిప్పుతారు. చంకలో బిడ్డ ఫోన్ లాక్కోబోతాడు. యాప్ ఒకసారి కాదంటుంది, ఇంకోసారి తిరుగుతూనే ఉంటుంది. వెనక పదిమంది తల్లులు, కూలికి పొద్దెక్కిపోతోందని ఒకరు, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చానని ఇంకొకరు. గూడేల్లోనైతే సిగ్నల్ కోసం మెట్టెక్కాలి. ఫోన్‌ను ఎత్తుకుపోగలం గానీ తల్లులందర్నీ మెట్టెక్కించలేం. లోపల మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలు ఆయాకు వదిలేసినట్టే. వాళ్ళకు ఆటపాటలతో చదువు నేర్పాలని 2023 మేలో మీ శాఖే 'పోషణ్ భీ పఢాయీ భీ' మొదలుపెట్టింది. పంపిణీ రోజున ఆ చదువు లేదు.

ఇక్కడ నన్ను బాధించే విషయం ఆలస్యం ఒక్కటే కాదు. క్యూలో ఉన్న ఆ తల్లి టీచరమ్మకు కొత్త మనిషా? ఆమె పెళ్ళికి భోంచేసిన మనిషి ఈ టీచరమ్మ. సీమంతానికి గాజులు తొడిగింది. నొప్పులొస్తే 108కి ఫోన్ చేసి, ఆశా కార్యకర్తతో కలిసి బండెక్కించింది. ఆ ముఖాన్ని గుర్తుపట్టడానికి టీచరమ్మకు యంత్రం అక్కర్లేదు. యంత్రం "కాదు" అన్నప్పుడు, "ఈమె ఫలానా, నాకు తెలుసు" అని చెప్పే అధికారం ఆమె చేతిలో ఉండాలి. ఊరంతా నమ్మే మాటను యాప్ నమ్మదు. ఆ తల్లి ఎదుట, పదిమంది ముందు, ముప్పయ్యేళ్ళ సర్వీసున్న మనిషి "నేనేం చేయనమ్మా, ఫోన్ తీసుకోవట్లేదు" అనాల్సి వస్తోంది. పొట్లం ఇవ్వడానికి ఆమెకు మనసుంది, గదిలో సరుకుంది, ఎదురుగా హక్కుదారు ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి, బాలింతకు, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ బిడ్డకు ఆ ఆహారాన్ని హక్కుగా ఇచ్చింది. ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లలకూ ఏ పథకాన్నీ ఆపకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అంత హక్కు ఒక రెప్పపాటు దగ్గర ఆగకూడదు.

దొంగలెక్కలు ఆపడానికే ఇదంతా అని మీ అధికారులు చెబుతారు. దొంగలెక్కలు ఉన్నాయని నేనే పైన రాశాను. కానీ దొంగను పట్టడానికి ప్రతి తల్లినీ ప్రతి నెలా నిలబెట్టనక్కర్లేదు. వందలో ఐదు ఇళ్ళకు చెప్పకుండా వెళ్ళి, "అమ్మా, ఈ నెల ఎన్ని గుడ్లు ముట్టాయి?" అని అడిగితే నిజం తేలిపోతుంది. సూపర్‌వైజర్ల పని అదే. అదే మేం చేసేవాళ్ళం. ఇప్పుడు సూపర్‌వైజరు కూడా ఏ సెంటర్ ఎంట్రీ పెండింగులో ఉందో చూస్తూ వాట్సాప్‌లో టీచరమ్మలను తొందరపెట్టడంతోనే పొద్దు గడుపుతోంది. ఊళ్ళోకి వెళ్ళి బిడ్డను చూసే మనిషి తగ్గిపోయాక ముఖాలను చూసే యంత్రం అవసరం పెరిగింది. ఒకదాన్ని ఇంకొకటి పెంచింది.

నా మాటలకు తోడు పనికొచ్చే పుస్తకం ఒకటుంది. షోషానా జుబాఫ్ అనే అమెరికన్ పరిశోధకురాలు కంప్యూటర్లు వచ్చిన కాగితపు మిల్లుల్లో ఏళ్ళ తరబడి తిరిగి 1988లో రాసిన పుస్తకం అది. గుజ్జును వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, రోలర్ల మీద చేయి పెట్టి పని తెలుసుకున్న కార్మికులను గాజు గదిలో స్క్రీన్ల ముందు కూర్చోబెట్టారు. వాళ్ళ ఒంట్లో ఉన్న తెలివి ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయింది. ఆమె అంతటితో ఆగలేదు. అదే యంత్రం రెండు దారుల్లో పోగలదని చూపించింది. ఒక దారిలో మనిషి చేసే పనిని యంత్రమే చేసేస్తుంది. ఇంకో దారిలో పని గురించి ఇదివరకు లేనంత సమాచారాన్ని పుట్టిస్తుంది. ఆ సమాచారాన్ని పనిచేసే మనిషి చేతిలో పెడితే ఆమె ఇంకా తెలివైన పని చేస్తుంది. పైవాడి చేతిలోనే ఉంచితే ఆమెను కనిపెట్టి ఉండటానికే పనికొస్తుంది. ఏ దారన్నది యంత్రం తేల్చదు, మనుషులు తేలుస్తారు.

మన సంగతిలో ఏ దారి పట్టామో నాకు కనిపిస్తోంది. బిడ్డ బరువు టీచరమ్మ వేళ్ళ మీదుగా ఫోన్లోకి పోతుంది, ఫోన్లోంచి సర్వర్లోకి, సర్వర్లోంచి డాష్‌బోర్డులోకి. జిల్లా కలెక్టరు తన గదిలో కూర్చుని ఎంత శాతం పిల్లలను తూచారో చూడగలరు. వంగి చూసే తల్లికి మాత్రం గీత కనిపించడం తగ్గిపోయింది. ఎంసీపీ కార్డులో చార్టు పేజీ ఇప్పటికీ ఉంది. కానీ ఎంట్రీకి గడువుంది, కార్డుకు లేదు. పోయిన ఆర్నెల్లలో చుక్క పడని కార్డులు ఎన్ని కనిపిస్తాయో ఏ ఊరికైనా వెళ్ళి చూడండి. మోర్లీ డాక్టరు బీరువాలోంచి తీసి తల్లి చేతిలో పెట్టిన సంగతిని మనం మళ్ళీ బీరువాలోకి పంపాం. ఈసారి బీరువా చాలా దూరంలో ఉంది.

దీని వల్ల బిడ్డకు నష్టం ఎలాగంటారా? కొలతల్లో మన రాష్ట్రాలు ఇంకా బాగుపడాల్సింది చాలా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఈ అంకెను తగ్గించేది ఎంట్రీ కాదు. తల్లితో గడిపే పది నిమిషాలు తగ్గిస్తాయి. ఆ పది నిమిషాలనే కదా మనం ఫోన్‌కు ఇచ్చేశాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఈ పని మారేటప్పుడు పనిచేసేవారిని ఎవరు అడిగారు?

బ్యాంకుల చరిత్ర ఒకసారి గుర్తు చేసుకుందాం. లెడ్జర్ల నుంచి యంత్రాలకు మారేటప్పుడు బ్యాంకు యాజమాన్యాల సంఘానికి, ఉద్యోగ సంఘాలకు మధ్య 1983లో ఒప్పందం జరిగింది. 1987లో ఇంకొకటి, 1993లో మరొకటి. ఎలాంటి యంత్రాలు పెట్టాలి, ఎక్కడెక్కడ ఎన్ని, నడిపేవారికి ప్రత్యేక భత్యం ఎంత, ఇవన్నీ బల్ల ముందు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్నారు. యంత్రాలు ఆలస్యమయ్యాయని ఆ ఒప్పందాలను తిట్టినవారున్నారు. నేను దాన్ని మరోలా చూస్తాను. లెడ్జరు రాసే గుమాస్తాకు తన పని ఏమవుతుందో అడిగే చోటు ఒకటుంది. పదేళ్ళు పట్టినా, యంత్రం వచ్చేసరికి దాని మీద ఇరువైపులా సంతకాలున్నాయి.

అంగన్‌వాడీ టీచరమ్మకు ఆ బల్ల లేదు. కాగితాల ప్రకారం ఆమె ఉద్యోగి కాదు, గౌరవ వేతనం పుచ్చుకునే స్వచ్ఛంద కార్యకర్త. ఆమెది ప్రభుత్వ పదవి కాదని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు ఆమె గ్రాట్యుటీకి అర్హురాలని చెబుతూ, ఆమె చేసే పని ఎంతటిదో గుర్తించింది. కేంద్రం లెక్క ప్రకారం నెలకు 4,500 రూపాయలు. 2018 అక్టోబర్ తరవాత ఆ అంకె కదల్లేదు. రాష్ట్రాలు కలిపేది కలుపుకుని ఆంధ్రలో 11,500, తెలంగాణలో 13,650 దాకా వచ్చింది. యాప్ ఎంట్రీలను బట్టి నెలకు 500 ప్రోత్సాహకం. అంటే ఎంట్రీకి వేరే ధర ఉంది. పోషణ లోపం నుంచి బిడ్డను గట్టెక్కించిన నెలకు వేరే ధర లేదు. మనుషులు ఎటు మొగ్గుతారో ఈ లెక్కే చెబుతుంది.

అడిగే చోటు లేకపోతే మనుషులు రోడ్డెక్కుతారు. 2021 ఆగస్టులో మహారాష్ట్రలో వేలమంది కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను తిరిగి అప్పగించేశారు. ఫోన్లు మొరాయిస్తున్నాయని, యాప్ మరాఠీలో లేదని. ఇప్పుడది 24 భాషల్లో ఉంది, మంచిదే. మొదలుపెట్టే ముందు అడిగి ఉంటే ఫోన్లు వెనక్కి రావలసిన అవసరమే ఉండేది కాదు. ఆంధ్రలో 2023 డిసెంబర్ 12న మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. జీతం కోసం, గ్రాట్యుటీ కోసం. మధ్యలో వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. సమ్మె చేసిన రోజున ఆమె సేవ అత్యవసరం, జీతమిచ్చే రోజున స్వచ్ఛందం. ఈ అన్యాయాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఈ యాప్‌ను మీ శాఖ జాతీయ ఈ-గవర్నెన్స్ విభాగంతో కలిసి తయారు చేయించింది. ఇలాంటి యాప్‌లు రాసే ఇంజనీర్లలో తెలుగు పిల్లలు కొల్లలు. చిన్నప్పుడు ఏదో ఒక అంగన్‌వాడీలో ఉగ్గిన్నె పట్టుకుని కూర్చున్నవాళ్ళే వారిలో చాలామంది. వాళ్ళకూ నా మాట చేరాలని ఉంది. నాయనా, స్క్రీన్ మీద ఒక గడిని 'తప్పనిసరి' చేసినప్పుడు నువ్వు సాఫ్ట్‌వేరు మాత్రమే రాయడం లేదు. ఎక్కడో ఒక మనిషి దినచర్య రాస్తున్నావు. ఆ గడి నిండకపోతే ముందుకు పోనివ్వకు అని నువ్వు రాసిన ఒక్క వాక్యం పద్నాలుగు లక్షల సెంటర్లలో చట్టమైపోతుంది. చట్టసభలో దాని మీద చర్చ జరగదు.

మంత్రి గారూ, నేను కోరేవి చేయలేనివి కావు. ముఖం కలవనప్పుడు టీచరమ్మ తన బాధ్యత మీద సరుకు ఇవ్వగలిగే వీలు యాప్‌లో పెట్టండి. ఇచ్చినట్టు ఆమె నమోదు చేస్తుంది, అనుమానమొస్తే సూపర్‌వైజరు ఇంటికెళ్ళి చూస్తుంది. ఆమె మాట తప్పని తేలితే చర్య తీసుకోండి. తేలకముందే ఆమెను, తల్లిని ఇద్దర్నీ దొంగలుగా నిలబెట్టకండి. సిగ్నల్ లేని చోట పంపిణీ ఆగకూడదు. ముఖం సరిచూడటం సహా అన్నీ ఫోన్లోనే జరిగి, ఊళ్ళోకొచ్చాక పైకి చేరాలి. రాష్ట్రం యాప్‌కు కావలసిన అంకెలు కేంద్రం యాప్ నుంచే పోవాలి. ఒకసారి కొట్టిన అంకెను రెండోసారి అడిగే హక్కు ఏ ఆఫీసుకూ ఉండకూడదు. పాత రిజిస్టర్లలో ఏవి పోయాయో పేరుపేరునా ఉత్తర్వు ఇవ్వండి, లేకపోతే కింది అధికారి భయంతో అన్నీ రాయిస్తూనే ఉంటాడు.

బరువు ఎంటర్ చేయగానే స్క్రీన్ నిండా ఆ బిడ్డ గీత రావాలి. తల్లికి తిప్పి చూపించేంత పెద్దదిగా, పాత చార్టు రంగుల్లోనే, ఆమె ఫోన్‌కు కూడా పంపుకునేలా. కార్డు మీద చుక్క మానకూడదు. నెలాఖరుకు టీచరమ్మకు తన ఊరి లెక్క తిరిగి రావాలి. ఈ నెల ఎవరి గీత పడిపోయింది, ఎవరింటికి ముందు వెళ్ళాలి, పోయిన ఏడాది ఇదే నెలలో ఎంతమంది తగ్గారు. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి నీళ్ళ విరేచనాలతో పిల్లలు చిక్కిపోతారని మా టీచరమ్మలకు అనుభవంతో తెలుసు. ఆ తెలివికి అంకెల తోడు దొరికితే వాళ్ళు ఏం చేయగలరో మీరే చూస్తారు.

సమయం లెక్క కూడా వేయించండి. ఒక్కో స్క్రీన్‌కు ఎన్ని నిమిషాలు పడుతున్నాయో, పాత ఫోన్ మీద, బలహీనమైన సిగ్నల్‌తో, చంకలో బిడ్డ ఉండగా కొలిపించి, ఆ లెక్కను అందరికీ తెలిసేలా ప్రకటించండి. కొత్త స్క్రీన్ ఒకటి చేర్చాలంటే అన్ని నిమిషాల పాత పని తీసేయాలన్న నియమం పెట్టండి. టీచరమ్మ రోజుకున్న గంటలు పెరగవు కదా.

ఇవన్నీ చేసినా బల్ల లేకపోతే మళ్ళీ మొదటికే వస్తాం. వచ్చే ఏడాది ఇంకో యాప్ వస్తుంది, కృత్రిమ మేధ పేరుతో మరొకటి వస్తుంది. అందుకే నేను పట్టుబట్టి అడిగేది ఇదొక్కటే. అంగన్‌వాడీ పనిలోకి ఏ సాంకేతికతను తెచ్చినా, దాని మీద ముందుగా కార్యకర్తల సంఘాలతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. 1983లో బ్యాంకులకు సాధ్యమైంది ఇప్పుడు మీకు సాధ్యం కాకపోదు. ఆ బల్ల ముందు ఢిల్లీ ఇంజనీర్లు, రాష్ట్రాల డైరెక్టర్లతో పాటు కోస్తా ఊరి టీచరమ్మ, ఏజెన్సీ మినీ సెంటర్ టీచరమ్మ, పనిచేస్తున్న ఒక సూపర్‌వైజరు, ఇద్దరు తల్లులు కూర్చోవాలి. ముఖ గుర్తింపు మీద మొదటి సమావేశం పెట్టండి. ఆ సమావేశం తేదీ ప్రకటించేదాకా, ముఖం కలవలేదన్న కారణంతో ఏ తల్లికీ సరుకు ఆపవద్దని అన్ని రాష్ట్రాలకూ ఈ నెలలోనే ఒక ఉత్తర్వు పంపండి.

ఇట్లు
ఒక విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజరు